వరసలు చూసి వరస కలపడం: పందికొక్కు నుంచి గినీ పిగ్ దాకా

పోయిన నెల మా ఇంట్లో నెట్ రెండు రోజులు పోయింది. ఫోన్ చేస్తే ఒక కుర్రాడొచ్చాడు, మోడెమ్ చూశాడు, గోడ వెంట వైరు పట్టుకుని మెట్ల కిందికి దూరి, కొరికేసిన ముక్క చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. "ఎలక కాదండి మేడమ్, పందికొక్కు. ఈ గాటు చూడండి" అని చూపించాడు. మాది విశాఖలో మద్దిలపాలెం, ఇంటి వెనకే గెడ్డ (వాగు), గెడ్డ గట్టు నిండా కన్నాలు, అందుకని నాకు పెద్ద ఆశ్చర్యమేమీ వేయలేదు. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి తేల్చి పారేసింది: "ఎలకైతే ఏటి, పందికొక్కైతే ఏటి, అన్నీ ఒక్క జాతే. చిన్నది చిట్టెలక, పెద్దది పందికొక్కు, అంతే కదేటి."

అంటే సైజును బట్టి వరస కలిపేసింది. మనందరం చేసే పనే అది. కానీ అసలు లెక్క వేరేగా ఉంటుంది. ఇళ్లల్లో తిరిగే నల్ల ఎలుకా, పందికొక్కూ దగ్గరి చుట్టాలు, అన్నదమ్ముల పిల్లలనుకోండి. చిట్టెలుక ఆ ఎలుకకి పిల్ల రూపంలా కనిపిస్తుంది గానీ, ఆ రెండు దారులూ విడిపోయి కోటి ఏళ్లకు పైమాటే. పేరులో "ఎలుక" ఉన్నది దూరం, లేనిది దగ్గర.

పందికొక్కు పేరు గురించి ఇంకో ముచ్చట. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్లింది, డిక్షనరీల్లో తెలుగు అని రాసి మరీ ఉంటుంది. ఆ మాట అక్కడితో ఆగలేదు, ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వుకుంటూ తిరిగే ఒక జంతువును చూసి తెల్లవాళ్లు దానికీ బాండికూట్ అని పెట్టేశారు. అది ఎలుకా కాదు, దాని చుట్టమూ కాదు, కంగారూలాగా సంచిలో పిల్లను పెంచే జాతి. గెడ్డ గట్టు మీది జంతువు పేరు కంగారూ చుట్టానికి! చూపును నమ్మి వరస కలిపితే జరిగేది ఇదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నెట్ లేని ఆ రెండు రోజుల్లో అటక మీంచి నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టు కిందికి దించాను. 2008 నాటిది. నేను బయోకెమిస్ట్రీ. ఇన్సులిన్ అనే ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాల వరసను రకరకాల జంతువుల్లో పోల్చి, ఎలుక జాతుల (అంటే ఎలుక, ఉడుత, ఏదుపంది లాంటి కొరుకుడు పళ్ల జంతువులన్నీ, ఇంగ్లీషులో రోడెంట్స్) మధ్య చుట్టరికాలు గీయడం నా ప్రాజెక్టు. తెలుగులో ఆ పనికి భలే మాట కుదిరింది, వరస చూసి వరస కలపడం. ఇంగ్లీషులో రెండు మాటలు కావాలి, మనకి ఒకటే చాలు.

పద్ధతి కష్టమేమీ కాదు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండ అనుకోండి. ఒకే ప్రొటీన్‌ను రెండు జంతువుల్లోంచి తీసుకుని, రెండు దండలూ పక్కపక్కన పరిచి, ఎన్ని చోట్ల పూస మారిందో లెక్కపెట్టాలి. విడిపోయి ఎంత కాలమైతే అన్ని తేడాలు పోగవుతాయి అనేది మూల ఆలోచన. 1960లలో జుకర్‌కాండ్ల్, పౌలింగ్ అనే శాస్త్రవేత్తలు ఈ ఊహను బలంగా ముందుకు తెచ్చారు. మార్గరెట్ డేహాఫ్ అనే ఆవిడ 1965లో అప్పటిదాకా తెలిసిన ప్రొటీన్ వరసలన్నీ ఒక పుస్తకంలోకి చేర్చింది. ఇప్పుడు అదే పని యూనిప్రాట్ అనే వెబ్‌సైట్ చేస్తోంది, జంతువు పేరూ ప్రొటీన్ పేరూ కొడితే వరస వచ్చేస్తుంది. 2008లో నేను సిరిపురం దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటకి ఇంత అని కట్టి, నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకునేదాన్ని. వరసలతో పాటు వైరస్‌లు కూడా వచ్చేవి, అది వేరే సంగతి.

వరసలు చూడని కాలంలో ఎముకలూ పళ్లూ కొలిచేవారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జి వెళ్లి మొదట చేసిన పని, సూడాన్‌లో తవ్వకాల్లో బయటపడ్డ పాత అస్థిపంజరాల కొలతలు తీసుకుని ఆ జనం ఎవరికి దగ్గరో లెక్కగట్టడం. ఎలుక జాతుల్లో అయితే దవడ కండరం చూసేవారు. కొరకడానికి వాడే ఆ కండరం పుర్రె మీద ఎక్కడ అతుక్కుంది అనేదాన్ని బట్టి 1855లో బ్రాంట్ అనే ఆయన వీటిని మూడు గుంపులు చేశాడు: ఉడుతల్లాంటివి, ఎలుకల్లాంటివి, ఏదుపందుల్లాంటివి. గినీ పిగ్ (ల్యాబుల్లో పెంచే, తోక లేని బొద్దు జంతువు) మూడో గుంపులోది. (పందికొక్కు, ఏదుపంది, గినీ పిగ్, ఇందులో ఒక్కటీ పంది కాదు. ఎలుక జాతి మీద పంది పేరు రుద్దడం మనకే కాదు, అన్ని భాషల వాళ్లకీ సరదాలా ఉంది.)

సరే, నా ప్రాజెక్టు. ఇన్సులిన్ ఎందుకు తీసుకున్నానంటే చిన్నది, అందరికీ తెలిసినది, పైగా వరస మొత్తం మొట్టమొదట తెలుసుకున్న ప్రొటీన్ అదే. దానికే సాంగర్ అనే శాస్త్రవేత్తకి 1958లో నోబెల్ వచ్చింది. మొత్తం 51 పూసలు, 21 ఒక గొలుసులో, 30 ఇంకో గొలుసులో. చేత్తో కూడా లెక్కపెట్టొచ్చు, నేను అలాగే మొదలుపెట్టాను. మనిషికీ పందికీ ఒక్కటే తేడా. మనిషికీ కుందేలుకీ ఒక్కటే. మనిషికీ ఆవుకీ మూడు. అందుకే కదా ఒకప్పుడు షుగర్ ఉన్నవాళ్లకి పంది ఇన్సులిన్, ఆవు ఇన్సులిన్ ఎక్కించేవారు. మనిషికీ చిట్టెలుకకీ నాలుగు. ఇంతవరకూ అంతా బాగానే ఉంది, పొడుగు తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకుని నింపుకుంటూ పోయాను.

గినీ పిగ్ దగ్గరికి వచ్చేసరికి 18.

తప్పు లెక్కపెట్టానేమో అని మళ్లీ చూశాను. 18. 51లో 18! పోనీ మనిషితో కదా, ఎలుకతో పోలిస్తే తగ్గుతుందనుకున్నాను, రెండూ ఒకే జాతి కాబట్టి. చిట్టెలుకకీ గినీ పిగ్‌కీ కూడా 18 వచ్చింది. ఆవుతో 19. అంటే నా కాగితం ప్రకారం చిట్టెలుకకి ఆవు దగ్గర (ఆరే తేడాలు), కుందేలు ఇంకా దగ్గర (మూడే), గినీ పిగ్ మాత్రం ఎవరికీ ఏమీ కాదు. ఆ మార్పులు కూడా చిన్నాచితకావి కావు. గ్లూటమిక్ ఆమ్లం ఉన్నచోట ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చిందంటే పోనీలే అనుకోవచ్చు, రెండూ దాదాపు ఒకే గుణం. స్కోరు వేయడానికి మేము వాడే బ్లోసమ్ 62 పట్టికలో ఆ మార్పుకి ప్లస్ 2 ఇస్తారు. కానీ ఇక్కడ లూసిన్ పోయి ఆర్జినిన్ వచ్చింది, నూనె లాంటిది తీసి ఉప్పు లాంటిది పెట్టినట్టు. దానికి మైనస్ 2.

కంప్యూటర్లో చుట్టరికాల చెట్టు గీయిస్తే ఎలుకలూ కుందేలూ ఆవూ పందీ మనిషీ అంతా ఒక గుత్తిగా ఒక చివర, గినీ పిగ్ కొమ్మ ఒక్కటీ ఎక్కడికో పారిపోయినట్టు ఇంకో చివర. మా గైడ్ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఒక నిమిషం చూసి, "ఇది తప్పమ్మా, సీక్వెన్స్ ఎక్కడో తేడా కొట్టుంటుంది, గినీ పిగ్ తీసెయ్యి, చెట్టు నీట్‌గా వస్తుంది" అన్నారు. సబ్మిషన్‌కి నాలుగు రోజులే ఉంది. బైండింగ్ షాపు వాడు రెండు రోజులు అడుగుతున్నాడు. తీసేశాను. చెట్టు నీట్‌గానే వచ్చింది. మంచి మార్కులు కూడా వచ్చాయి.

ఇప్పుడు నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీలో, అంటే సరుకు నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక రిజల్టు లిమిట్ దాటి వస్తే ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) అంటారు. ఓఓఎస్ వచ్చిందంటే ఇక ఆ రోజు ఇంటికి లేటే. దాన్ని కొట్టేసి మళ్లీ టెస్టు చేసి మంచి నంబరు రాసుకోవడం కుదరదు. ఎందుకొచ్చిందో తవ్వాలి, పరికరమా, మనిషా, శాంపిలా, నిజంగానే సరుకులో లోపమా, అన్నీ రాతపూర్వకంగా తేలాలి. ఆ ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో ఒక ఇన్వెస్టిగేషన్ రిపోర్టు రాస్తుండగా హఠాత్తుగా గినీ పిగ్ గుర్తొచ్చింది. నేను తీసేసింది ఓఓఎస్‌నే కదా అని.

ఆ రాత్రి ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, సీక్వెన్స్‌లో తప్పేమీ లేదు, గినీ పిగ్ ఇన్సులిన్ నిజంగానే అలా ఉంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, నేను నాలుగు రోజుల్లో మూసేసిన గొడవ మీద పెద్ద పెద్దవాళ్లు పదేళ్లు కొట్టుకున్నారు. 1991లో డాన్ గ్రౌర్ అనే శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరూ కలిసి చాలా ప్రొటీన్ల వరసలు పోల్చి, అసలు గినీ పిగ్ ఎలుక జాతేనా అని నేచర్ పత్రికలో అడిగారు. 1996లో ఇటలీ వాళ్ల బృందం గినీ పిగ్ మైటోకాండ్రియా డీఎన్ఏ మొత్తం చదివి, అదే పత్రికలో, అది ఎలుక జాతి కాదు అని ప్రశ్న గుర్తు కూడా లేకుండా రాసేసింది. పాత దవడ కండరాల వాళ్లు ఒప్పుకోలేదు. పై రెండు, కింద రెండు, జీవితాంతం పెరుగుతూనే ఉండే కొరుకుడు పళ్లు, ముందు వైపు మాత్రమే ఎనామెల్, ఇంత సరంజామా రెండు జాతులకి విడివిడిగా ఎలా వస్తుందయ్యా అని వాళ్ల వాదన.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేముందు ఒక సంగతి. మీకు తెలిసిన రెండు వేర్వేరు కుటుంబాలు తీసుకోండి, ఒకటి గాజువాకలో, ఒకటి భీమిలిలో. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పిల్లాడు చిన్నప్పుడే విదేశం వెళ్లిపోయాడు. పాతికేళ్ల తర్వాత ఇద్దరూ పెళ్లికొచ్చారు. ఇద్దరికీ తెలుగు సరిగ్గా రాదు, ఇద్దరూ కారం తినలేరు, ఇద్దరూ సీసా నీళ్లే తాగుతారు. ఎవరు ఎవరి పిల్లలో తెలియని మనిషి చూస్తే ఈ ఇద్దరే అన్నదమ్ములని రాసేసుకుంటాడు. చాలా మారిపోయిన వాళ్లు, ఎటు మారినా, మారనివాళ్ల పక్కన పెడితే ఒకేలా కనిపిస్తారు. వరసల లెక్కలోనూ ఇదే జరుగుతుంది, త్వరత్వరగా మారిన పొడుగు కొమ్మలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, లేదా తమ చుట్టాలని వదిలేసి చెట్టు మొదట్లోకి జారిపోతాయి. ఫెల్సెన్‌స్టైన్ అనే ఆయన 1978లోనే ఈ ప్రమాదం గురించి లెక్కలు వేసి చూపించాడు. గినీ పిగ్ గొడవలో ఒక పక్క చిట్టెలుక, ఎలుక (ఇవి కూడా మనకన్నా వేగంగా మారే రకాలే), ఇంకో పక్క గినీ పిగ్, మధ్యలో ఇంకే ఎలుక జాతీ లేదు. ఉడుత లేదు, ఏదుపంది లేదు. రెండు వేల పైచిలుకు జాతులున్న గుంపుకి ల్యాబుల్లో పెంచే రెండు మూడు జంతువులే ప్రతినిధులు.

మరి గినీ పిగ్ ఇన్సులిన్ అంతలా ఎందుకు మారింది? మన ఇన్సులిన్‌లో రెండో గొలుసులో పదో స్థానంలో హిస్టిడిన్ ఉంటుంది. అది జింక్‌ను పట్టుకుంటుంది, అలా ఆరు ఇన్సులిన్‌లు జింక్ చుట్టూ ఒక ముద్దగా చేరి క్లోమంలో నిల్వ ఉంటాయి. గినీ పిగ్‌లో అక్కడ హిస్టిడిన్ బదులు ఆస్పరాజిన్ ఉంది. జింక్ పట్టు లేదు, ముద్ద కట్టదు. ఆ ఇన్సులిన్ పనితనం కూడా చాలా తక్కువ, ఆ లోటు పూడ్చడానికి గినీ పిగ్ రక్తంలో అది ఎక్కువ మోతాదులో తిరుగుతుంది. ఒకసారి ముద్ద కట్టాల్సిన పని తప్పాక, ఆ పని కోసం బిగపట్టుకుని ఉన్న మిగతా పూసలకి కూడా స్వేచ్ఛ వచ్చినట్టు మార్పులు పోగయ్యాయి. అది గినీ పిగ్ ఇన్సులిన్ కథ, గినీ పిగ్ వంశం కథ కాదు. నేను ఆ రెండూ ఒకటే అనుకుని ప్రాజెక్టు చేశాను.

ఇంకో గొయ్యి కూడా ఉంది, అందులో పడకుండా అదృష్టం కొద్దీ తప్పించుకున్నాను. చిట్టెలుకకీ ఎలుకకీ ఇన్సులిన్ జన్యువులు రెండేసి ఉంటాయి, మనకీ గినీ పిగ్‌కీ ఒక్కటే. రెండోది తర్వాత పుట్టిన నకలు. అసలు ఒకదాంట్లోంచి, నకలు ఇంకోదాంట్లోంచి తీసి పోల్చామంటే మనం కొలిచేది జంతువులు విడిపోయిన కాలం కాదు, నకలు పుట్టిన కాలం. బావమరిదిని బావ అనుకుని వరస కలిపినట్టు. అలాగే మరీ మారని ప్రొటీన్ తీసుకున్నా లాభం లేదు. సైటోక్రోమ్ సి తీసుకోండి, 104 పూసలు, చిట్టెలుకకీ ఎలుకకీ ఒక్క తేడా కూడా లేదు. మనిషికీ చింపాంజీకీ అంతే. కోటి ఏళ్ల దూరం సున్నాగా కనిపిస్తుంది. అందుకే పందికొక్కు లాంటి దగ్గరి చుట్టాల లెక్క తేల్చేవాళ్లు ప్రొటీన్ వదిలేసి డీఎన్ఏ అక్షరాల్లోకే దిగుతారు, అక్కడ పూస మారకుండానే అక్షరం మారిన చోట్లు కూడా దొరుకుతాయి.

గొడవ ఎలా తెగిందంటే, వింత పద్ధతేమీ రాలేదు, ఎక్కువ జంతువులు, ఎక్కువ జన్యువులు, మార్పుల వేగాన్ని సరిగా పట్టించుకునే లెక్కలు. 2001లో నేచర్‌లోనే రెండు బృందాలు పాలిచ్చే జంతువులన్నిటినీ కలిపి పెద్ద చెట్లు గీశాయి, గినీ పిగ్ మళ్లీ ఎలుకల గుంపులోకే వచ్చింది. 2002లో ఎలుక జాతుల మీదే మూడు జన్యువులతో ఇంకో పని జరిగింది. ఆ మూడూ ఎంచుకున్న తీరు నాకు బాగా నచ్చింది: ఒకటి రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రొటీన్‌ది, ఒకటి కంటి రెటీనాలో ఉండేది, ఒకటి అడ్రినలిన్ అందుకునేది. ఒకదానికి ఏదైనా వెర్రి పుట్టినా మిగతా రెండిటికీ అదే వెర్రి పుట్టే అవకాశం తక్కువ. వాటి ప్రకారం ఎలుక జాతిలో పెద్ద కొమ్మలు మూడు: ఉడుతల వైపువి, ఎలుకల వైపువి, గినీ పిగ్, ఏదుపంది కలిసినవి. 1855 నాటి బ్రాంట్ గుంపులతో ఇది అచ్చంగా అతకదు, లోపల చాలా జంతువులు అటూ ఇటూ మారాయి, కానీ ఆయన చూపు మరీ తీసిపారేసేది కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం మాత్రం వేరే ఉంది, అది ఎలుక జాతీ మనమూ ఒకే పక్క వాళ్లమని చెప్పేది. అటాక్సిన్-1 అనే ప్రొటీన్‌లో ఒకచోట వరుసగా 18 పూసలు ఎగిరిపోయి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎలుక జాతిలో ఉంది, కుందేళ్లలో ఉంది, కోతుల్లో ఉంది, మనలో ఉంది. ఆవులో, కుక్కలో, ఏనుగులో ఖాళీ లేదు. ఒక పూస మారడం పది సార్లు జరగొచ్చు, అదే చోట అదే పొడవున ముక్క తెగిపోవడం మళ్లీ మళ్లీ జరగదు. తేడాలు లెక్కపెట్టడం కంటే ఇలాంటి పుట్టుమచ్చ వెతకడం గట్టి పద్ధతి అని నా ఉద్దేశం. (18 తేడాలతో మోసపోయినదానికి 18 పూసల ఖాళీ నచ్చడం ఏమిటో.)

ఇది అమ్మకి చెప్పాను, వైరు కొత్తది వేయించిన రోజు సాయంత్రం. చెప్పాలంటే ఆవిడే అడిగింది, "ఇంతకీ మనకి ఏ వరసవుతాదే ఈ ఎలక?" అని. ఎలుకలు, కుందేళ్లు, కోతులు, మనం అంతా ఒక పక్క వాళ్లమనీ, ఆవు ఇంకో పక్కదనీ అన్నాను. ఆవు మనకి దూరమా అని కాసేపు నొచ్చుకుంది. తర్వాత తేరుకుని, "అయితే వినాయకుడు తెలిసే ఎక్కాడు" అంది.

నెట్ వచ్చాక మొదట చేసిన పని, కంటి రెటీనా ప్రొటీన్ వరసలు దించుకోవడం. ఈసారి చిట్టెలుక, ఎలుక, గినీ పిగ్‌తో ఆగలేదు. ఉడుత, ఏదుపంది, చించిల్లా అనే మెత్తని బొచ్చు జంతువు, ఒంటి మీద దాదాపు బొచ్చే లేకుండా ముప్పై ఏళ్లు బతికే నేకెడ్ మోల్ ర్యాట్ (అది మోలూ కాదు, ర్యాటూ కాదు, గినీ పిగ్ వైపు చుట్టం), పక్కన కుందేలు, మనిషి, ఆవు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఫ్యాన్ రొద చేస్తూ అరగంట తిరిగి చెట్టు గీసింది. గినీ పిగ్ ఏదుపంది పక్కన, వాళ్లంతా కలిసి ఎలుకల పక్కన, బయట కుందేలు. 2008లో నాలుగు రోజుల టైము బదులు నాలుగు వారాలుండి, ఆ 18ని తీసేయకుండా రిపోర్టులో పెట్టి, ఇది ఎందుకో తెలియలేదు అని ఒక్క వాక్యం రాసుంటే, నా ప్రాజెక్టులో పనికొచ్చే పేజీ అదొక్కటే అయ్యుండేది.

రిపోర్టు మళ్లీ అటకెక్కించే ముందు 41వ పేజీ తీసి, ఆ నీట్ చెట్టు పక్కన పెన్సిల్‌తో గినీ పిగ్ కొమ్మ గీశాను, ఇన్సులిన్ లెక్క ప్రకారం, స్కేలు పెట్టి. రెండుసార్లు చెరిపి గీయాల్సి వచ్చింది, కొమ్మ మార్జిన్ దాటి పక్క పేజీలోకి పోతోంది.